మూకుడులో దొరికిన దొంగలు

పిల్లలూ! మీరు అపరాధ పరిశోధకుల కథలు చదివే ఉంటారు. దొంగ ఎక్కడో ఒక గుర్తు వదలిపోతాడు. పరిశోధకుడు ఆ గుర్తు పట్టుకొని, రోజులూ గంటలూ లెక్కకట్టి, చివరకు దొంగ ఇంటి తలుపు తడతాడు. ఈ నెల మీకు నేను చెప్పబోయేదీ అటువంటి కథే. కాకపోతే ఇందులో దొంగకు ఆరు కాళ్ళు, రెండు రెక్కలు. దొంగ దొరికిన చోటు వింటే మీరు నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

మేము హైదరాబాదులో సోమాజిగూడలో ఉంటాము. ఒకప్పుడు ఇక్కడ తోటలూ, తోటల మధ్య పెద్ద బంగళాలూ ఉండేవి. ఇప్పుడు ఎటు చూచినా అంతస్తుల మీద అంతస్తులు. మా భవనంలో, కింద కార్లు నిలిపేచోట మూలగా ఉన్న వాచ్‌మన్ గదితో కలిపితే, ఇరవై ఇళ్ళు. నేను బడిపంతులుగా మొదలుపెట్టి హెడ్మాస్టరుగా ఉద్యోగం చాలించినవాణ్ణి. పిల్లల జ్వరాలు నాకు కొత్త కాదు. అందుకనే 2025 ఆగస్టు 25న మా మనవడికి జ్వరం తగిలితే మొదట అంతగా కంగారుపడలేదు. వాడు అయిదో తరగతి చదువుతున్నాడు.

మరునాటికి వాడు కళ్ళు తిప్పితే కళ్ళ వెనుక నొప్పి అన్నాడు. ఒళ్ళంతా కొట్టినట్టు ఉన్నదన్నాడు. డాక్టరు రక్తపరీక్ష చేయించి, "ఇది డెంగ్యూ" అని తేల్చాడు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప మరే మాత్రా ఇవ్వవద్దన్నాడు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటివి వేస్తే ఈ జబ్బులో రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉన్నది. నీళ్ళు, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు ఏది తాగితే అది తాగించమన్నాడు. వినాయక చవితి పూజ ఆ ఏడు మంచం పక్కనే జరిగింది. వాడు పడుకొనే అక్షింతలు వేశాడు.

29వ తేదీ పొద్దున జ్వరం దిగింది. నేను థర్మామీటరు అందరికీ చూపించి, "గండం గడిచింది" అని చాటాను. సాయంత్రం మా కోడలు వచ్చి, "మామయ్యగారూ, వీడు కడుపు పట్టుకొని ముడుచుకు పడుకొన్నాడు. రెండుసార్లు వాంతి అయింది. చేతులు చల్లగా ఉన్నాయి" అన్నది. "జ్వరం తగ్గింది గదమ్మా! నీరసం. పొద్దున చూద్దాం" అన్నాను. ఆ అమ్మాయి నా మాట వినలేదు. ఆ రాత్రే పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆమె వినకపోవడం ఎంత మంచిదయిందో, అక్కడి డాక్టరు ముఖం చూడగానే నాకు తెలిసింది.

డెంగ్యూలో ఉన్న మోసం ఇదే. మామూలు జ్వరం దిగితే జబ్బు దిగినట్టు. డెంగ్యూలో జ్వరం దిగే సమయం, ఆ తరువాత ఒకటి రెండు రోజులు, కొందరికి అసలు ప్రమాదం మొదలవుతుంది. సన్నని రక్తనాళాల గోడలు లూజై, రక్తంలోని నీరు బయటికి ఊరిపోతుంది. రక్తం చిక్కబడుతుంది. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోనో ముక్కులోనో రక్తం, మగత, చేతులూ కాళ్ళూ చల్లబడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో కూర్చోరాదు. మా వాడికి మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. నాలుగోరోజు వాడు ఇడ్లీ అడిగాడు. అంతకంటె తీయని మాట నేను వినలేదు.

సరే, పిల్లవాడు ఇంటికి వచ్చాడు. ఇక పరిశోధన మొదలయింది.

ముందు తేదీల లెక్క. పలకా బలపం తీసుకోండి, మీరూ చేయవచ్చు. డెంగ్యూ దోమ కుట్టిన తరువాత జ్వరం రావడానికి సాధారణంగా 4 నుంచి 10 రోజులు పడుతుంది. మా వాడికి 25న జ్వరం వచ్చింది. అంటే దోమ కుట్టింది 15కూ 21కీ మధ్య. పంద్రాగస్టు నాడు బడిలో మిఠాయి తిన్న చేతినే కుట్టిందేమో!

లెక్క అక్కడితో అయిపోదు. దోమ పుట్టుకతో దొంగ కాదు. అది ముందు ఎవరో ఒక డెంగ్యూ రోగిని కుట్టి, ఆ రక్తంతో పాటు వైరస్‌ను కడుపులోకి తీసుకోవాలి. ఆ వైరస్ దోమ కడుపులో పెరిగి, దాని ఉమ్మిగ్రంథులదాకా చేరడానికి సుమారు 8 నుంచి 12 రోజులు కావాలి. అప్పటిదాకా అది ఎందరిని కుట్టినా జబ్బు అంటదు. కనుక 15లోంచి 12 తీసివేయండి, 21లోంచి 8 తీసివేయండి. ఆగస్టు 3కూ 13కూ మధ్య మా దగ్గరలో ఎవరో ఒకరు జ్వరంతో పడి ఉండాలి!

దగ్గరలోనే అని ఎందుకన్నాను? డెంగ్యూ దోమ దూరప్రయాణాలు చేసే రకం కాదు. పుట్టినచోటి నుంచి మహా అయితే వంద రెండువందల గజాలు తిరుగుతుంది. చాలావాటికి ఒక ఇల్లూ, పక్క ఇల్లూ చాలు, జీవితం అక్కడే గడిచిపోతుంది. అయితే వాణ్ణి అది ఇంట్లో కుట్టిందా, బడిలో కుట్టిందా? ఇది పగటిపూట కుట్టే దోమ. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం వెలుతురు ఉండగా ఒకసారి దీనికి ఆకలెక్కువ. కాబట్టి రెండుచోట్లా అవకాశం ఉన్నది.

నేను చేతికర్ర పట్టుకొని మెట్లెక్కి ప్రతి ఇంటి తలుపూ తట్టాను. మూడో అంతస్తులో ఒక ఇల్లాలికీ, రెండో అంతస్తులో ఇంజనీరింగు చదివే కుర్రవాడికీ అదే వారంలో జ్వరం వచ్చిందట. ఆమె ఇల్లు కదలదు. ఆ కుర్రవాడు చదివేది ఊరి అవతల. మావాడిది ఇక్కడి బడి. ఈ ముగ్గురికీ కలిసేది ఒక్క మా భవనమే. అయితే ముగ్గురికీ జ్వరం వచ్చింది ఆగస్టు చివరలో. మొదటి వారాల్లో జ్వరపడ్డవారు ఎవరు? అన్ని ఇళ్ళలోనూ "మా ఇంట్లో లేదండీ" అన్నారు.

కిందికి దిగివచ్చి బెంచీమీద కూలబడ్డాను. వాచ్‌మన్ భార్య బట్టలు ఆరవేస్తున్నది. వాళ్ళది మహబూబ్‌నగర్ వైపు పల్లె. ఊరకే మాటవరుసకు అడిగాను.

"మా పిల్లకు జరమొచ్చింది గద సారూ! రాఖీ పున్నమ నాడు పండుకునే ఉన్నది. తమ్మునికి రాఖీ గూడ కట్టలే. గోలీలేస్తే నాలుగైదు దినాలకు తగ్గింది" అన్నది.

రాఖీ పున్నమ ఆగస్టు 9. మన లెక్కలో దాదాపు నట్టనడుమ.

"ఆ సంగతి ఎవరికీ చెప్పలేదేమమ్మా?" అన్నాను.

"ఎవరడిగిండ్రు సారూ?" అన్నది ఆమె, బట్ట దులుపుతూ.

ఆ పిల్ల ఆరో తరగతి. రోజూ నా కళ్ళముందే బడికి పోతుంది. అయిదు రోజులు కనిపించకపోతే నేను గమనించనే లేదు. బడిలో ఒక పిల్లవాడు రెండురోజులు రాకపోతే ఇంటికి మనిషిని పంపించినవాణ్ణి! దోమకు మాత్రం కింది గదీ పై అంతస్తూ అనే తేడా లేదు. ఆ పిల్లకు రక్తపరీక్ష చేయించలేదు కనుక అది డెంగ్యూయే అని కోర్టులో రుజువు చేయలేను. అయినా తేదీలు తాళంలో తాళపుచెవి పట్టినట్టు పట్టాయి.

ఇక దోమలు పుట్టిన చోటు. ఆదివారం పొద్దున భవనంలోని పిల్లలందరినీ పోగుచేశాను. వాచ్‌మన్ కూతురూ వచ్చింది. ఒక్కొక్కరి చేతికి ఒక టార్చిలైటు, ఒక తెల్లని ప్లాస్టిక్ గరిటె, ఒక కాగితం. నీరు నిలిచే పాత్ర ఏది కనబడినా లెక్క వ్రాయాలి, గరిటెతో నీళ్ళు తీసి చూడాలి, పురుగులుంటే పక్కన గుర్తు పెట్టాలి.

పిల్లలు పెద్దవాళ్ళకన్న బాగా వెతుకుతారు. వాళ్ళు వంగనవసరం లేదు. గంటన్నరలో ఇరవై ఇళ్ళలో 60 పాత్రలు చూచారు. వాటిలో 6 పాత్రల్లో దోమపిల్లలు దొరికాయి. అవి ఉన్నవి నాలుగు ఇళ్ళలో. ఒకరి ఫ్రిజ్ వెనుక నీరు కారే పళ్ళెం, ఒకరి కూలర్, ఒకరి పూలకుండీల కింద మూడు సాసర్లు. అయిదు అయినాయి. ఆరోది?

"తాతయ్యా, ఇటు రా!" అని మా బాల్కనీలోంచి కేక.

అక్కడ పిచ్చుకలకోసం నేను పెట్టిన మట్టి మూకుడు ఉన్నది. బడిలో ఉన్నన్నాళ్ళూ వేసవిలో పక్షులకు నీళ్ళు పెట్టండర్రా అని పిల్లలకు చెప్పేవాణ్ణి. చెప్పి ఊరుకోక నేనూ పెట్టేవాణ్ణి. రోజూ పొద్దున చెంబుతో నీళ్ళు నింపుతాను. నింపుతానే గాని, ఒక్కనాడూ ఆ మూకుడు బోర్లించి తోమలేదు. అందులో ముప్పై నలభై పురుగులు తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగుతున్నాయి.

నా మూకుడు ఎంత చక్కని పురిటిగదో వినండి. డెంగ్యూ దోమ గుడ్లు నీళ్ళలో పెట్టదు. నీటిమట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. నీరు పైకి వచ్చి గుడ్లను ముంచితే అవి పొదుగుతాయి. నేను రోజూ నీళ్ళు నింపి చేసిన పని అదే! పోనీ ఎండబెడితే చస్తాయా అంటే, ఆ గుడ్లు ఎండినా నెలల తరబడి బ్రతికే ఉంటాయి. ఎండాకాలమంతా పాత్రకు అంటుకొని ఉండి, తొలకరి చినుకు పడగానే లేస్తాయి. కనుక నీళ్ళు పారబోయడం చాలదు. పీచు పెట్టి గోడలు రుద్ది తోమాలి. గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వానాకాలంలో సుమారు వారం, పదిరోజులు. అందువల్లనే వారానికొకసారి తోమితే చాలునంటారు, పురుగుకు రెక్కలు వచ్చేలోపల మనం చేరుకొంటాం. తెలంగాణలో 2020లో మొదలుపెట్టిన "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అన్న కార్యక్రమంలో ఉన్న గణితం ఇంతే.

ఇందాకటి అంకెలు పిల్లలచేత లెక్క కట్టించాను. ఇరవై ఇళ్ళలో నాలుగు ఇళ్ళంటే నూటికి 20. దీన్ని ఇళ్ళ సూచిక అంటారు. అరవై పాత్రల్లో ఆరంటే నూటికి 10. ఇది పాత్రల సూచిక. ఇరవై ఇళ్ళకు ఆరు పురుగుల పాత్రలంటే, నూరు ఇళ్ళకు 30. దీనికి బ్రెటో సూచిక అని పేరు. దోమల నిపుణులు ఏ నగరంలోనైనా వానలకు ముందు, వానల్లో, వానల తరువాత ఈ మూడు లెక్కలూ కడుతూ ఉంటారు. అంకె పెరిగితే జ్వరాలు రాబోతున్నాయని ముందుగానే తెలుస్తుంది. మన దేశంలో మే 16ను డెంగ్యూ దినంగా పాటిస్తారు. అప్పుడు వానలే లేవు గదా అని అడగకండి. వానలు లేవు గనుకనే అప్పుడు.

ఇంత చెప్పి, మా ఇంటికి ఆమడ దూరమైనా లేని ఒక భవనం సంగతి చెప్పకపోతే తప్పు. సోమాజిగూడ నుంచి గ్రీన్‌లాండ్స్ మీదుగా బేగంపేట పోతే, పాత విమానాశ్రయం దగ్గర ఒక పాతకాలపు ఇల్లు ఉన్నది. 1897లో అది పటాలం వారి ఆసుపత్రి. దానిలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు పనిచేసేవాడు. ఆయన పుట్టింది మన దేశంలోనే, హిమాలయాల దగ్గర అల్మోరాలో, 1857లో.

మలేరియా క్రిమిని లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1880లోనే అల్జీరియాలో రోగి రక్తంలో చూచాడు. అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పోతున్నదో మాత్రం ఎవరికీ తెలియదు. చెడుగాలి వల్ల అనేవారు కొందరు, నీళ్ళ వల్ల అనేవారు కొందరు. దోమలమీద అనుమానపడినవాడు లండనులోని మాన్సన్. ఆయన మాట పట్టుకొని రాస్ 1895లో సికింద్రాబాదు వచ్చి దోమలను కోసి చూడసాగాడు. ఏళ్ళు గడిచాయిగాని క్రిమి జాడ లేదు. ఎందుకంటారు? ఆయన కోసినవి ఊదారంగు దోమలు, చారల దోమలు. అంటే అసలు దొంగను వదలి ఊళ్ళోవాళ్ళందరినీ సోదా చేశాడన్నమాట!

1897 ఆగస్టులో ఆయన మనుషులు వేరొక రకం దోమల పిల్లలను పట్టుకువచ్చారు. పెద్దవైన తరువాత చూస్తే గోధుమరంగు, రెక్కలమీద మచ్చలు. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటిచేత కుట్టించారు. ఒక్కొక్క దోమ కాటుకు ఒక అణా కూలి. హుసేన్ ఖాన్‌కు పది అణాలు ముట్టాయి. ప్రపంచమంతా చెప్పుకొనే ఆ పరిశోధనలో ఆయన రక్తం ఖరీదు అది. రాస్ పేరు పుస్తకాల్లో ఉన్నది గాని, హుసేన్ ఖాన్ పేరు మీ పాఠంలో ఉన్నదా? చూచి చెప్పండి.

ఆ రోజులు మండిపోయే ఉక్క. పంకా వేస్తే కోసి పెట్టుకొన్న దోమలు ఎగిరిపోతాయని పంకా ఆపించాడు రాస్. చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. కంటి అద్దం బీటవారింది. ఆగస్టు 20న, కుట్టి నాలుగు రోజులైన దోమను కోశాడు. దాని కడుపు గోడలో గుండ్రని కణాలు, వాటిలో నల్లని రవ్వలు. ఆ నల్లరవ్వలు మలేరియా క్రిమికి తప్ప ఉండవు. మరునాడు మిగిలిన ఒక్క దోమనూ కోశాడు. కణాలు ఇంకా పెద్దవైనాయి! అంటే అవి అక్కడ పడి ఉన్న చెత్త కాదు, ప్రాణంతో పెరుగుతున్నవి. ఆ ఒక్కరోజు తేడాయే ఋజువు.

ఆ తరువాత ఆయన 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ ఉమ్మిలోకి చేరి కాటుతో దిగుతుందని తేల్చాడు. మనుషుల మలేరియాను మోసేది ఎనాఫిలిస్ దోమ అని ఇటలీలో గ్రాసీ మొదలైనవారు పూర్తిగా నిరూపించారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినం అంటారు. నల్లకుంటలో జ్వరాల ఆసుపత్రి అని మనం పిలిచేదానికి పెట్టిన పేరు కూడా సర్ రొనాల్డ్ రాస్‌దే. మా మనవణ్ణి దోమ కుట్టింది బహుశా ఆ దినానికి అటో ఇటో అయి ఉంటుంది. ఆ మాట చెబితే వాడు, "దానికీ పండుగేనా తాతయ్యా?" అన్నాడు.

ఏ దోమో తెలియకపోతే రెండేళ్ళ శ్రమ వృథా అని రాస్ కథ వల్ల తెలిసింది గదా! మీరూ మూడింటిని పోల్చుకోవడం నేర్చుకోండి. గోడమీద మేకు కొట్టినట్టు తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చొనేది ఎనాఫిలిస్, మలేరియా దోమ. దాని పిల్ల నీటిమీద చాప పరచినట్టు అడ్డంగా పడుకొంటుంది. నగరాల్లో ఇది మేడమీది మూతలేని ట్యాంకుల్లోనూ, బావుల్లోనూ పుడుతుంది. గూనివాడిలా వంగి గోడకు సమానంగా కూర్చొనేది క్యూలెక్స్. మురికినీళ్ళు దీనికి పుట్టిల్లు. బోదకాలు తెచ్చే క్రిమిని మోసేది ఇదే. నల్లని ఒంటిమీద, కాళ్ళమీద తెల్లని పట్టీలు ఉన్నది ఈడిస్, మన మూకుడు దొంగ. దానికి మంచినీరే ఇష్టం. ఈ చివరి రెండింటి పిల్లలూ తలకిందులుగా వేలాడతాయి.

బోదకాలు క్రిములలో ఒక వింత ఉన్నది. అవి పగలు ఊపిరితిత్తుల దగ్గర రక్తనాళాల్లో దాక్కొని, క్యూలెక్స్ కుట్టే నడిరాత్రి వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. కాబట్టి వాటిని లెక్కపెట్టే ఉద్యోగులు రాత్రివేళ ఇళ్ళకు వచ్చి రక్తపుచుక్క తీసుకొంటారు. మీ ఇంటికి ఎప్పుడైనా వస్తే దొంగలనుకొని అరవకండి.

రక్తపుచుక్క అంటే నా చిన్నతనం గుర్తుకు వస్తున్నది. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. 1968 ప్రాంతాల్లో పదిహేను రోజులకొకసారి ఖాకీ సంచి తగిలించుకొని మలేరియా ఉద్యోగి వచ్చేవాడు. "ఇంట్లో జ్వరమెవరికైనా ఉన్నదా?" అని అడిగేవాడు. ఉంటే వేలు గుచ్చి గాజుపలకమీద చుక్క రాసుకొని, మాత్రలు ఇచ్చి, గోడమీద అచ్చు వేసిన గళ్ళలో తేదీ వేసేవాడు. మేము పిల్లలం ఆయన వస్తే గడ్డివాములో దూరేవాళ్ళం. గోడలకు డీడీటీ కొడితే మా నాయనమ్మ సున్నం పాడయిందని శాపనార్థాలు పెట్టేది.

ఆ గళ్ళ విలువ తరువాత తెలిసింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953లో జాతీయ మలేరియా నివారణ పథకం, 1958లో నిర్మూలన పథకం మొదలైనాయి. 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగిపోయింది. ఏడున్నర కోట్లెక్కడ, లక్షెక్కడ! ఇక అయిపోయిందనుకొన్నారు. కొన్నిచోట్ల నిఘా సడలింది, మందు చాలినంత అందలేదు, దోమలు డీడీటీకి అలవాటుపడ్డాయి. 1976లో మళ్ళీ 64 లక్షలమంది మలేరియాతో మూలిగారు. ఆ తరువాత మళ్ళీ తగ్గించడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో! నేను థర్మామీటరు చూపించి "గండం గడిచింది" అన్నట్టే ఉన్నది ఈ కథ కూడా.

జబ్బులు మోసేవి దోమలొక్కటే కాదు. గొడ్లమీదా కుక్కలమీదా ఉండే పిడుదులు మీకు తెలుసు. కొన్ని ఊళ్ళలో గోమార్లు అంటారు. వాటి కాళ్ళు లెక్కపెట్టి చూడండి, ఎనిమిది. అంటే అవి పురుగులు కావు, సాలెపురుగుల చుట్టాలు. 1957లో మన పొరుగున, ఇప్పటి కర్ణాటకలోని షిమోగా జిల్లాలో క్యాసనూరు అనే అడవిలో కోతులు చచ్చి పడసాగాయి. ఆ వెంటనే అడవికి కట్టెలకూ, పశువులను మేపడానికీ పోయినవారికి తీవ్రమైన జ్వరం వచ్చింది. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రం వారు వచ్చి చూచి, ఒక కొత్త వైరస్‌నూ, దాన్ని మోసే పిడుదులనూ పట్టుకొన్నారు. ఆ జబ్బుకు ఆ అడవి పేరే పెట్టారు. ఈనాటికీ అక్కడ కోతి చచ్చి పడితే అటవీ ఉద్యోగులకు కబురు పోతుంది. మనిషికన్న ముందు కోతి హెచ్చరిక చేస్తుందన్నమాట, పాపం తన ప్రాణం ఇచ్చి.

మా తాతగారి కాలంలో ఆ పని ఎలుకలు చేసేవి. ఇంట్లో ఎలుక రాలితే ప్లేగు వచ్చిందని తట్టాబుట్టా సర్దుకొని ఊరి బయట పాకల్లోకి పోయేవారు. ఎలుకమీద బ్రతికే, రెక్కలు లేక గెంతే చిన్న పురుగు ప్లేగు క్రిమిని మోస్తుందని 1898లో కరాచీలో సైమండ్ అనే వైద్యుడు చూపాడు. ఎలుక చచ్చి చల్లబడగానే ఆ పురుగులు కొత్త ఇల్లు వెతుక్కొంటూ మనిషి మీదికి గెంతుతాయి. శాస్త్రం చెప్పకముందే మనవాళ్ళు ఎలుకను చూచి లేచిపోయారంటే, వాళ్ళ కళ్ళు ఎంత చురుకో చూడండి.

పొదల్లో, గడ్డిలో ఉండే నలుసంత పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం మన రెండు రాష్ట్రాల్లోనూ కనిపిస్తున్నది. కుట్టినచోట సిగరెట్టు కాల్చినట్టు చిన్న నల్లని పెచ్చు కడుతుంది. చాలామందికి నొప్పి ఉండదు, అందువల్ల ఎవరూ చూడరు. చంకల్లో, నడుము మడతల్లో దాగి ఉంటుంది. ఆ మచ్చను డాక్టరుకు చూపితే చాలు, సరైన మందుతో త్వరగా నయమవుతుంది. గడ్డిలో ఆడుకొని వచ్చినవాళ్ళు బట్టలు మార్చి స్నానం చేయాలి. ఇది మీ అమ్మ రోజూ చెప్పేదే.

ఇక మీకొక పని. పురుగులున్న నీళ్ళు ఒక గాజుసీసాలో పోసి, మూతికి గుడ్డ గట్టిగా కట్టి, పెద్దవాళ్ళకు చెప్పి కిటికీలో పెట్టండి. పురుగు నాలుగుసార్లు కుబుసం విడవడం, కామాలాగ వంకరగా మారడం చూడవచ్చు. కామా అయిన నాడే సీసా ఎండలో కాలిన నేలమీద బోర్లించాలి. ఇంకా రెండురోజులు చూద్దామని ఆగితే పురుగుకు రెక్కలు వస్తాయి.

మా భవనంలో ఇప్పుడు ఒక నోటుపుస్తకం ఉన్నది. ప్రతి ఆదివారం పది గంటలకు పిల్లలు తిరుగుతారు. ఎడమపేజీలో పాత్రల లెక్క, కుడిపేజీలో ఒకే ప్రశ్న: ఈ వారం ఎవరికైనా జ్వరమా? ఇరవై ఇళ్ళూ వరుసగా ఉంటాయి. మొదటి ఇల్లు కింది గది. పుస్తకం వ్రాసేది వాచ్‌మన్ కూతురు. పిల్లలందరిలో చేతివ్రాత ఆమెదే బాగున్నది. పోయిన వారం మా బాల్కనీలోకి వచ్చి, మూకుడు బోర్లించి, గోడమీద వేలు పెట్టి రాచి చూచింది.

"సరిగ్గ తోమలే సారూ, అంచుకు పాకురున్నది" అని వ్రాసుకొని పోయింది. నేను పీచు కోసం లోపలికి వెళ్ళాను.